పాత హైదరాబాద్ ఫోటోలు, దక్కన్ శిల్పాల బొమ్మలు పాఠానికీ పీహెచ్‌డీకీ ఎక్కడ వెతకాలి, ఎలా వాడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెబుతున్నారు, పక్కనే దక్కన్ మీద పీహెచ్‌డీ నడుస్తోంది, ఇన్నాళ్లూ గూగుల్‌లో దొరికిన బొమ్మలు పీపీటీల్లో పెట్టుకుంటూ వచ్చారు, ఇప్పుడు మీ గైడ్ గారు "ఈ ఫోటో ఎక్కడిది, ఎవరు తీశారు?" అనేసరికి చెప్పడానికి ఏమీ లేదు, దానికి తోడు కాపీరైట్ టెన్షన్. నేనూ ఈ ఊళ్లోనే డిగ్రీ పిల్లలకు చాలాకాలంగా హిస్టరీ చెబుతున్నాను, నా థీసిస్‌లో సగం ఈ డిజిటల్ సంగ్రహాల మీద ఆధారపడే రాశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మిగతాదంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ముందే చెప్పేస్తాను. బొమ్మ దొరికితే సరిపోదండీ, దాని రికార్డు పేజీ దొరకాలి. ఆ ఫోటో లేదా శిల్పం అసలు ఏ మ్యూజియంలో, ఏ లైబ్రరీలో ఉందో ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో దానికో పేజీ ఉంటుంది. ఎవరు చేశారు, ఎప్పుడు, దేనితో, కొలతలెంత, వాళ్ల దగ్గరికి ఎలా చేరింది, వాళ్లిచ్చిన నంబరేమిటి, మనం ఎంతవరకు వాడుకోవచ్చు అన్నవన్నీ అక్కడుంటాయి. గూగుల్ మనల్ని ఆ గుమ్మం దాకా తీసుకెళ్తుంది, అంతే, దాని పని అక్కడితో అయిపోయింది. రికార్డు పేజీ లేని బొమ్మను నేను క్లాసులో చూపించను, థీసిస్‌లో అసలే పెట్టను. ఈ ఒక్క పట్టుదల ఉంటే మీ గైడ్ గారి ప్రశ్నలు చాలావరకు వాటంతటవే తీరిపోతాయి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో మన చార్మినార్‌తోనే చూపిస్తాను. "1880 నాటి చార్మినార్" అంటూ ఏదో ఒక ఫోటో వాట్సాప్‌లో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలు పెట్టింది 1889లో. ఫోటోలో కమాను పైన గడియారం కనబడుతోందంటే, కింద ఎవరు ఏం రాసినా సరే, అది 1889కి ముందుది అయ్యే ప్రశ్నే లేదు. అయితే ఈ పరీక్ష చేయాలంటే బొమ్మ పెద్దదిగా, స్పష్టంగా ఉండాలి. ఫార్వర్డ్ అయి అయి అరిగిపోయిన ఫోటోలో ఆ చోట బూడిదరంగు మచ్చ ఒకటి ఉంటుంది, అది గడియారమో గోడ మీది నీడో తేలదు. అదే ఫోటోను దాన్ని భద్రపరిచిన సంస్థ పేజీలో జూమ్ చేసి చూస్తే అనుమానం తీరిపోతుంది.

నేను దీన్నే పాఠంగా చేసుకున్నాను. కింద రాసిన శీర్షిక తీసేసి ఫోటో ఒక్కటే తెర మీద పెట్టి, "ఇది ఎప్పటిదో చెప్పండి, ఎలా తెలిసిందో కూడా చెప్పండి" అంటాను. మొదట కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒకరు కరెంటు స్తంభం ఉందా లేదా అంటారు, ఒకరు బండ్ల చక్రాలు చూస్తారు, ఇంకొకరు తలపాగాలు. దుకాణం బోర్డు కనబడితే ఇక సందడే, మన ఊరి క్లాసుల్లో ఉర్దూ చదివే పిల్లలు తప్పకుండా ఉంటారు కదా, ఆ రోజు పాఠం వాళ్ల చేతుల్లోకి వెళ్లిపోతుంది. అంతా అయ్యాక రికార్డు పేజీ తెరిచి సరిచూస్తాం. ఒక పీరియడ్ మొత్తానికి ఒకటో రెండో బొమ్మలు, అంతకు మించి వద్దు. నలభై స్లైడ్లు గబగబా తిప్పేస్తే పిల్లలకు గుర్తుండేది ఏమీ ఉండదు.

హైదరాబాద్ ఫోటోలంటే ముందు రాజా దీన్ దయాళ్ దగ్గరికే వెళ్లాలి. 1844లో పుట్టారు, 1905లో పోయారు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫర్, ముసవ్విర్ జంగ్ అనే బిరుదు. సికింద్రాబాద్‌లో స్టూడియో ఉండేది. నిజాం రాజ్యంలోని దృశ్యాలతో 1892 నాటి ఆయన ఆల్బమ్ ఒకటి బ్రిటిష్ లైబ్రరీలో కర్జన్ కలెక్షన్‌లో (వైస్రాయ్ కర్జన్ సేకరణలో) ఉంది. ఆయన గాజు పలకల నెగటివ్‌లు 2,857 దాకా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో కొని భద్రపరిచింది. ఆయన పుట్టిన, పోయిన ఏళ్లు మీ డైరీలో రాసి పెట్టుకోండి, పనికొస్తాయి. మూసీ వరద వచ్చింది 1908 సెప్టెంబరు 28న. వరద ఫోటో కింద "దీన్ దయాళ్ తీసినది" అని ఎక్కడైనా కనబడితే వెంటనే ఆగండి, అప్పటికి ఆయన పోయి మూడేళ్లు. స్టూడియో మాత్రం కుటుంబం చేతుల్లో నడుస్తూనే ఉంది కాబట్టి అది స్టూడియో పని కావచ్చు, ఆయన చేతి పని మాత్రం కాదు. థీసిస్‌లో ఈ తేడా చాలా పెద్దది.

ఇంకోటి, ఆ ఫోటోల్లో ఏముందో చూసినంత శ్రద్ధగా ఏం లేదో కూడా చూడాలి. ఆస్థాన ఫోటోగ్రాఫర్ కాబట్టి ప్యాలెస్‌లు, వైస్రాయ్‌ల రాకపోకలు, వేట, సైన్యం పుష్కలంగా ఉంటాయి. గోషా పాటించే ఆడవాళ్ల కోసం 1892లో ఆయన హైదరాబాద్‌లో జనానా స్టూడియో ఒకటి తెరిచారు, దాన్ని నడిపింది ఒక ఇంగ్లిష్ ఫోటోగ్రాఫర్, ఆవిడా మహిళే. ఈ సంగతి చెప్పగానే క్లాసులో అమ్మాయిలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు: ఆ ఫోటోలు ఎవరి చేతికి వెళ్లేవి, ఇంట్లో ఎక్కడ పెట్టుకునేవారు, ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు. నా దృష్టిలో అదే అసలైన పాఠం. కెమెరా ఎవరి డబ్బుతో వచ్చింది, ఎవరి కోసం తీశారు అన్నది అడగకుండా పాత ఫోటోను "అప్పటి జీవితం ఇలా ఉండేది" అని చూపించేస్తే మనం చరిత్ర చెప్పినట్టు కాదు.

ఫోటోలకంటే ముందు కాలానికి వస్తే, డిజిటల్ సంగ్రహాల విలువ నాకు నిజంగా తెలిసివచ్చింది అమరావతి బౌద్ధ స్తూపం విషయంలో. ఆ స్తూపం ఇప్పుడు పునాది దిబ్బగా మిగిలింది. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ 1798లో మొదటిసారి చూశాడు, 1816లో మళ్లీ వచ్చి తన మనుషులతో శిల్పాల బొమ్మలు గీయించాడు, ఆ డ్రాయింగులు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి శిల్పాలను మద్రాసుకు తరలించాడు, వాటిలో చాలా భాగం అక్కణ్ణుంచి లండన్ చేరాయి, 1880లో అక్కడి ఇండియా మ్యూజియం నుంచి బ్రిటిష్ మ్యూజియం చేతికి వచ్చాయి. అందుకే అక్కడి అమరావతి శిల్పాల నంబర్లు 1880తో మొదలవుతాయి. చూశారా, నంబరు కూడా ఒక చరిత్రే చెబుతోంది. మిగిలినవి చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, కొన్ని అమరావతిలోనే. వీటన్నిటినీ స్వయంగా వెళ్లి చూసే స్తోమత మన పిల్లల్లో ఎందరికుంటుంది? తెర మీద మాత్రం లండన్ పలకనూ, చెన్నై పలకనూ, మెకంజీ గీయించిన డ్రాయింగునూ పక్కపక్కన పెట్టొచ్చు. ఆ డ్రాయింగుల్లో ఉన్న కొన్ని శిల్పాలు తర్వాత కనబడకుండా పోయాయి, వాటికి ఇప్పుడు మిగిలిన సాక్ష్యం ఆ కాగితాలే.

బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి పలక ఒకటుంది, రెండు వైపులా చెక్కినది. దాన్ని తప్పకుండా వెతికి చూడండి. పాతవైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటిది, అందులో చెట్టు కింద ఖాళీ ఆసనానికి జనం మొక్కుతుంటారు, బుద్ధుడి రూపం ఉండదు. క్రీ.శ. 3వ శతాబ్దంలో అదే రాయిని తిప్పి వెనకవైపున స్తూపం మొత్తాన్నీ చెక్కారు. నేను ముందు పాతవైపు చూపించి "ఇక్కడ ఎవరికి మొక్కుతున్నారు?" అని అడిగి వదిలేస్తాను. తర్వాత రెండోవైపు జూమ్ చేస్తూ వెళ్తాం: ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, గుమ్మానికి ఎదురుగా వరసగా నిలబడ్డ అయిదు ఆయక స్తంభాలు. స్తూపం పోయింది కానీ స్తూపం ఎలా ఉండేదో దాని రాయే చెబుతోంది. ఏ టెక్స్ట్‌బుక్‌లోని తపాలా బిళ్లంత బొమ్మలోనూ ఆ స్తంభాలను లెక్కపెట్టలేరు.

తెరతో ఒక చిక్కుంది, దాన్ని పిల్లలకు ముందే చెప్పాలి. తెర మీద అన్నీ ఒకే సైజులో కనబడతాయి. అరచేతి వెడల్పున్న దక్కనీ చిత్రమూ, మనిషెత్తు రాతి పలకా ఒకేలా నిలబడతాయి. అందుకని రికార్డు పేజీలో కొలతలు చూసి, చాక్‌పీస్ ఇచ్చి, ఒకరిని బోర్డు మీదో నేల మీదో అసలు సైజు గీయమంటాను. చిన్న చిత్రం గీసినప్పుడు "ఇంతేనా!" అంటారు, ఆ వెంటనే ఇంత చిన్నదాన్ని ఎవరు, ఎక్కడ కూర్చుని, ఎంత దగ్గరగా పట్టుకుని చూసేవారన్న మాట వస్తుంది. వీలైతే ఆ తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లండి, సిటీ బస్సెక్కితే చేరిపోయే చోట అంత సంపద పెట్టుకుని తెరతో సరిపెట్టుకోవడం అన్యాయం. ఆ మ్యూజియం వస్తువులు కేంద్రం నడిపే మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్‌లోనూ, గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లోనూ ఉన్నాయి. ముందు వాటిలో ఒక్కొక్కరు ఒక్కో వస్తువు ఎంచుకుని, దాని గురించి చదివి, అప్పుడు వెళ్లి ఎదురుగా చూడాలి. ఊరికే తీసుకెళ్తే అందరూ మ్యూజికల్ క్లాక్ దగ్గరే గుమిగూడతారు.

వెతకడంలో కొన్ని కిటుకులు. ఉత్త హైదరాబాద్ అని కొడితే పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్ కూడా కలిసి వచ్చేస్తుంది, పక్కన దక్కన్ అనో నిజాం అనో చేర్చండి. పాత కేటలాగుల్లో మన ప్రాంతం "నిజామ్స్ డొమినియన్స్" పేరుతో ఉంటుంది, తెలంగాణ అని వెతికితే చాలావరకు దొరకవు. గోల్కొండను ఇంగ్లిష్‌లో సి తోనూ కె తోనూ, మూసీని యు తోనూ డబుల్ ఓ తోనూ కొట్టి చూడాలి. అమరావతి అంటే మహారాష్ట్ర అమరావతి కూడా వస్తుంది, స్తూపం అని చేర్చితే తప్పుతుంది. ఒక బొమ్మ దొరికి మూలం తెలియకపోతే బొమ్మను బట్టి వెతికే గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో వేసి, వచ్చినవాటిలో మ్యూజియం లేదా లైబ్రరీ పేజీ ఉందేమో చూడండి. రంగులద్దిన పాత ఫోటోల జోలికి వెళ్లొద్దు, ఆ రంగులు ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఊహించినవి, చీర రంగు చూసి అప్పటి అద్దకం గురించి రాశారంటే గైడ్ గారు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. ఇప్పుడు ఏఐ తయారుచేసిన "పాత హైదరాబాద్" బొమ్మలు కూడా వచ్చిపడుతున్నాయి, వాటిని పట్టుకోవడానికి ఉన్నవాటిలో నమ్మకమైన దారి మళ్లీ ఆ రికార్డు పేజీయే.

కాపీరైట్ గురించి మరీ భయపడకండి. మన 1957 చట్టంలో సెక్షన్ 52 ప్రకారం టీచరు గానీ విద్యార్థి గానీ పాఠం చెప్పే క్రమంలో వాడుకోవడానికి మినహాయింపు ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ ఫోటోకాపీల కేసులో 2016లో హైకోర్టు ఈ మినహాయింపును ఉదారంగానే చదివింది. 2012 సవరణ తర్వాత ఫోటోల హక్కు తీసినవారి జీవితకాలం, వాళ్లు పోయిన తర్వాతి ఏడాది మొదలు ఇంకో 60 ఏళ్లు, కాబట్టి దీన్ దయాళ్ కాలం నాటివాటికి ఆ బెంగ లేదు. కానీ క్లాసురూమ్ వేరు, యూట్యూబ్‌లో పెట్టే వీడియో పాఠం వేరు, అచ్చయ్యే పుస్తకం వేరు. బయటికి వెళ్లే ప్రతిదానికీ ఆ సంస్థ షరతులు చూసుకోవాలి. న్యూయార్క్‌లోని మెట్ మ్యూజియం 2017లో 3,75,000 బొమ్మలను సీసీ జీరో కింద వదిలేసింది, అంటే ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు. గోల్కొండలో 17వ శతాబ్దంలో చేసిన కలంకారీ రుమాళ్లు కూడా ఆ మ్యూజియంలో ఉన్నాయి, దక్కన్ మీద పనిచేస్తున్నారు కాబట్టి తప్పక చూడండి. స్మిత్‌సోనియన్ 2020లో 28 లక్షల బొమ్మలతో ఇలాగే తెరిచింది. బ్రిటిష్ మ్యూజియం బొమ్మలు మాత్రం పేరు చెప్పి, వ్యాపారానికి కాకుండా వాడుకోవాలి, వాటితో తయారుచేసినదాన్ని కూడా అదే షరతుతో పంచాలి. మెట్‌లో కూడా వేరే మ్యూజియంల నుంచి ఎగ్జిబిషన్ కోసం తెచ్చిన వస్తువులకు సీసీ జీరో ఉంటుందని అనుకోకండి, ఏ పేజీకి ఆ పేజీలో గుర్తు చూసుకోవాలి. వికీమీడియా కామన్స్ బాగా పనికొస్తుంది, కానీ అక్కడ లైసెన్స్ ఒక్కటే చూసి వచ్చేయకండి, "మూలం" అన్న గడిలో ఉన్న లింకు పట్టుకుని అసలు పేజీకి వెళ్లండి. "సొంత పని" అని రాసి వందేళ్ల నాటి ఫోటో పెట్టి ఉంటే ఆ ఎంట్రీని నమ్మక్కర్లేదు.

శబ్దం కూడా మర్చిపోకండి. జార్జ్ గ్రియర్సన్ నడిపిన భారతదేశ భాషల సర్వే తాలూకు గ్రామఫోన్ రికార్డులు, 1913 నుంచి 1929 దాకా చేసినవి, షికాగో యూనివర్సిటీ వాళ్ల డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో వినొచ్చు. ఇల్లొదిలి వెళ్లి తిరిగొచ్చిన కొడుకు కథను వేర్వేరు భాషల్లో చెప్పించి రికార్డు చేశారు. అదే సైట్‌లో గెజిటీర్లు, పటాలు కూడా ఉన్నాయి. పాత తెలుగు పుస్తకాలు, పత్రికల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వెతకండి, ఆ స్కానింగ్‌లో మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌కు పెద్ద భాగం ఉంది. శీర్షికలు చాలాచోట్ల అడ్డదిడ్డంగా ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి, పేరును నాలుగైదు రకాలుగా కొట్టాల్సి వస్తుంది.

దాచుకునే పద్ధతి గురించి. ఏ బొమ్మనైనా దించుకున్న నిమిషంలోనే ఎక్సెల్ షీట్‌లో ఒక వరస నింపేయండి: సంస్థ, నంబరు, చేసినవారు, కాలం, కొలతలు, లింకు, షరతులు, ఏ తేదీన చూశారు, ఏ అధ్యాయంలో వాడతారు. ఫైలు పేరు కూడా సంస్థ పేరు, నంబరుతోనే పెట్టండి, "ఇమేజ్1ఫైనల్" లాంటివి పెడితే థీసిస్ చివర్లో బొమ్మల పట్టిక రాసేటప్పుడు ఏడుపొస్తుంది. రికార్డు పేజీని పీడీఎఫ్‌గా కూడా దాచండి. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి ఆన్‌లైన్ సేవలు చాలాకాలం నిలిచిపోయాయి, అప్పుడు లింకు మాత్రమే రాసుకున్నవాళ్ల పని ఆగిపోయింది. క్లాసుకైతే కాలేజీ వైఫైని నమ్ముకోకుండా పెద్ద సైజు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, జూమ్ చేయాల్సిన చోట్లను ముందే కత్తిరించి వేరే స్లైడ్లుగా చేసుకోండి. ప్రొజెక్టర్ వెలుతురు తక్కువైతే పాత ఫోటోల్లో నల్లటి భాగమంతా ఒకే ముద్ద అయిపోతుంది, కిటికీలకు ఏదైనా అడ్డం పెట్టాల్సిందే.

చివరిగా, మీ కాలేజీలోనే ఒక సంగ్రహం మొదలుపెట్టండి, ఇది నేను మనసారా చెబుతున్నాను. ప్యాలెస్‌ల ఫోటోలు లండన్‌లో, ఢిల్లీలో భద్రంగా ఉన్నాయి. మన పిల్లల తాతల ఫోటోలు, ఆజంజాహీ మిల్లు కార్మికులవి, సింగరేణి క్వార్టర్లలో తీసుకున్నవి, ఆబిడ్స్ స్టూడియోల్లో పెళ్లయిన వారానికి దిగినవి, ఇంటి బీరువాల్లో చెదలు పడుతున్నాయి. వాటిని ఇంటి నుంచి తెమ్మని, కనీసం 600 డీపీఐలో స్కాన్ చేసి, అసలు ఫోటో అదే రోజు వెనక్కి పంపేయండి. వెనకవైపు కూడా స్కాన్ చేయాలి, స్టూడియో ముద్ర, తేదీ, ఎవరో పెన్సిల్‌తో రాసిన పేర్లు అక్కడే ఉంటాయి. పక్కన నాయనమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టుకుని, ఫోటోలో ఎవరెవరున్నారో వాళ్ల మాటల్లోనే ఫోన్‌లో రికార్డు చేసుకు రమ్మనండి, సెలవులు అయ్యేదాకా ఆగొద్దు. ఇంటివాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, క్లాసులో చూపించడానికి ఒకటి, బయట పెట్టడానికి విడిగా ఒకటి. కొందరు మొదటిదానికి సరే అని రెండోదానికి వద్దంటారు, ముఖ్యంగా ఆడవాళ్ల ఫోటోల విషయంలో, ఆ మాటను గౌరవించి ఎక్సెల్ షీట్‌లో షరతుల గడిలో అలాగే రాయండి.

మీ థీసిస్ ఏ కాలం మీదో, ఏ జిల్లా మీదో చెబితే ఏ సంగ్రహంలో ముందు వెతకాలో కింద రాస్తాను.